ఫలశ్రుతి పాడేదెవరు?

మీ ఇంట సత్యనారాయణస్వామి వ్రతం జరిగినప్పుడు గమనించే ఉంటారు. ఐదో అధ్యాయం పూర్తయినా ఎవరూ పీటల మీది నుంచి లేవరు. ఫలశ్రుతి వినాలి, మంగళహారతి కళ్ళకద్దుకోవాలి, ప్రసాదం స్వీకరించాలి. అప్పుడే వ్రతం పరిపూర్ణమవుతుంది. ప్రసాదాన్ని నిర్లక్ష్యం చేసిన వారికి ఏమయిందో ఆ కథలోనే ఉంది కనుక ఈ సంగతి ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు.

మన తల్లులు, అమ్మమ్మలు పాటల విషయంలో కూడా ఈ నియమాన్ని తప్పేవారు కారు. ఎత్తుకున్న పాటను ఫలశ్రుతి దాకా పాడి, చేతులు జోడించిన తరువాతే మరో పనికి లేచేవారు. ఈ విషయాన్ని నేను మరచిపోయాను. మరచిపోయానన్న స్పృహ కూడా నాకు లేదు. ఇటీవల ఒక పాత పాట మళ్ళీ చెవినపడి నా మరపును నాకు చూపించింది. అదేమిటో మీకు చెప్పుకోవాలి. ఎందుకంటే మీ ఇంట్లోనూ అటువంటి పాట ఒకటి ఇప్పుడు మౌనంగా కూర్చుని ఉండవచ్చు.

రేడియో తెలుగువారి ఇళ్ళల్లో తెల్లవారుజామున సుప్రభాతంలా పలికిన రోజులు మీలో పెద్దవారికి జ్ఞాపకమే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ కేంద్రం ప్రసారం చేసిన 'భక్తిరంజని' వింటూ ముగ్గులు పెట్టిన ఇల్లాళ్ళు, పూజకు పూలు కోసుకున్న పెద్దలు ఎందరో. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, ఓలేటి వెంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు వంటి విద్వాంసుల పుణ్యమా అని తత్త్వాలు, కీర్తనలు గడప గడపకూ చేరాయి. వింజమూరి సోదరీమణులు సీత, అనసూయ పల్లెపాటకు సభలోనూ రేడియోలోనూ పీట వేశారు. అంతవరకు పెరట్లో, వసారాలో మాత్రమే వినబడిన పాటకు అదొక గౌరవం.

అటువంటి రోజుల్లో, 1970ల నడుమ, గోదావరి తీరంలోని మా ఊళ్ళో ఒక మధ్యాహ్నం రేడియోలో 'ఊర్మిళాదేవి నిద్ర' వచ్చింది. అమ్మ వసారాలో కూర్చుని విస్తళ్ళు కుడుతున్నది. చేతిలోని ఈనెపుల్ల ఆగిపోయింది. పాడుతున్న స్త్రీల పేర్లు మాకు తెలియవు. ఆ పాట తరువాత కూడా కొన్నిసార్లు ప్రసారమైంది. వచ్చినప్పుడల్లా అమ్మ మమ్మల్ని అల్లరి మానమని సైగ చేసేది. ఆ గొంతులు, వెనుక సన్నగా మోగే తాళం, పాట చివర శాంతంగా వినవచ్చే ఫలశ్రుతి, ఇవన్నీ నా మనస్సులో ఒక్కటిగా నిలిచిపోయాయి.

ఆ పాటలోని కథ ఈ తరం పాఠకులకు కొంత చెప్పాలి. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి వెళ్ళాడు. ఊర్మిళ అంతఃపురంలో పధ్నాలుగేళ్ళు నిద్రలో ఉండిపోయింది. శ్రీరాముడు తిరిగివచ్చి కొలువుదీరాక ఆమెను మొదట తలచుకున్నది సీతమ్మ. చెల్లెలి దుఃఖం అక్కకు కాక మరెవరికి తెలుస్తుంది? ఆమె విన్నపం మీద రాముడు తమ్ముణ్ణి పంపుతాడు. లక్ష్మణుడు వచ్చి పలకరించినా ఊర్మిళ గుర్తించలేదు. ఎవరో పరపురుషుడనుకుని, పరస్త్రీని కోరిన ఇంద్రుడికి ఏమయిందో, రావణుడికి ఏమయిందో చెప్పి హెచ్చరిస్తుంది. లక్ష్మణుడు తానెవరో చెప్పుకుని, ఆమె నమ్మేదాకా ఓర్పుతో వేచి ఉండవలసివస్తుంది. వనవాసం చేసినవాడి కథ మనకు తెలుసు. ఇంట్లోనే వనవాసం చేసిన ఇల్లాలి కథను ఈ పాట చెబుతుంది.

వాల్మీకి మహర్షి వివాహ ఘట్టంలో తప్ప ఊర్మిళను అంతగా తలచుకోలేదు. రవీంద్రనాథ ఠాగూరు కావ్యాలలో ఉపేక్షకు గురైన స్త్రీల గురించి వ్రాస్తూ ఆమె కోసం ప్రత్యేకంగా వగచారు. మన తల్లులు వ్యాసం వ్రాయలేదు. దంచుతూ, విసురుతూ, పసిబిడ్డను ఊపుతూ ఆ లోటును పాటతో పూడ్చారు.

చాలా ఏళ్ళ క్రితమే అమ్మ కాలం చేసింది. ఆ రేడియో పాట కోసం నేను వెదకని చోటు లేదు. క్యాసెట్ల దుకాణాలలో అడిగాను. తరువాత సీడీలు వచ్చాయి, వాటిలోనూ చూశాను. అదే కథను ఇతరులు పాడినవి దొరికాయి కాని నా చెవిలో ఉన్న గొంతులు దొరకలేదు. ఆశ వదులుకున్న దశలో, కిందటి కార్తికమాసంలో దూరపు బంధువు ఒకరు ఫోనులో ఒక ధ్వనిముద్రణ పంపారు. వారి తండ్రిగారు 1980లలో రేడియో పక్కన టేప్ రికార్డరు పెట్టి పట్టిన పాటలట. పాత క్యాసెట్లు పాడైపోకముందే పిల్లలు వాటిని కంప్యూటరులోకి ఎక్కించారట.

మొదటి చరణం వినగానే గుర్తుపట్టాను. అవే గొంతులు, అదే తాళం. దీపం పెట్టే వేళ, నేనొక్కడినే కూర్చుని విన్నాను. సీతమ్మ విన్నపం అయింది. ఊర్మిళ హెచ్చరిక అయింది. దంపతులు కలుసుకున్నారు. ఇక ఫలశ్రుతి రావాలి. దాని కోసం చేతులు జోడించి సిద్ధంగా ఉన్నాను. పాట సన్నగిల్లింది. అనౌన్సరు గొంతు మొదలవుతుండగా క్యాసెట్టు ఆగిపోయింది.

అసంపూర్ణంగా పట్టారేమోనని మొదట అనుకున్నాను. మా అక్కకు ఫోను చేసి అడిగాను. అక్క నవ్వింది. "రేడియోలో ఫలశ్రుతి ఎప్పుడు వచ్చిందిరా? పాట అక్కడే ఆగిపోయేది. ఆ తరువాతది అమ్మ పాడేది. పాట మధ్యలో వదిలేస్తే ఇంటికి మంచిది కాదనేది కదా!" అన్నది.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఇన్నేళ్ళూ నేను వెదికినది రేడియో పాట మాత్రమే కాదు. దాని చివర మా అమ్మ తన గొంతుతో చేర్చిన నాలుగు చరణాలు కూడా. వాటిని నా జ్ఞాపకం రేడియోకే కట్టబెట్టింది. దొరికిన పాటలో అవి లేవు. ఏ భాండాగారంలోనూ ఉండవు. అంతకన్నా బాధాకరమైన విషయం, వాటిలో ఒక్క మాట కూడా నాకు రాదు. ఆడవారి పాటలు మనకెందుకులే అన్న అహంకారంతో పెరిగినవాణ్ణి. అమ్మ పాడినంతకాలం విన్నాను. నేర్పమని ఒక్కనాడూ అడగలేదు.

రేడియోవారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నిర్ణీతమైన సమయంలో సుదీర్ఘమైన పాట ఇమడదు. వారు ప్రసారం చేయబట్టే, ఆ తండ్రిగారు టేపు మీద పట్టబట్టే ఇంతైనా మిగిలింది. అందుకు వారికి నమస్కరించాలి. పుస్తకాలకూ అంతే. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు 'స్త్రీల రామాయణపు పాటలు' సంకలనాన్ని వెలువరించింది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వచ్చింది. ఆ మహనీయులు శ్రమపడకపోతే ఎన్నో పాటలు మాటలతో సహా మాయమయ్యేవి.

అయితే పుస్తకం మాటను దాస్తుంది, రాగాన్ని దాచలేదు. ధ్వనిముద్రణ రాగాన్ని కూడా దాస్తుంది. కాని ఆ పాట ఎప్పుడు పాడాలి, ఎందుకు పాడాలి, సగంలో ఆగిపోతే ఎవరు పూర్తి చేయాలి అన్న ధర్మం మాత్రం మనిషిలోనే ఉంటుంది. మా వసారాలో ఆ ధర్మం తెలిసినది ఒక్క అమ్మే. మేమంతా శ్రోతలం.

మీరు ఒక్కసారి ఆలోచించండి. స్త్రీల పాటలలో ఎన్నింటికో చివర ఫలశ్రుతి ఉంటుంది. అందులో పుణ్యం మొదట ఎవరికి చెబుతారు? పాడినవారికి. ఆ తరువాతే విన్నవారికి. మన ఇళ్ళల్లో నేడు వినేవారికి కొదవ లేదు. ఫోను నొక్కితే సహస్రనామం వినబడుతుంది, పండుగనాడు హారతి పాట కూడా దానంతట అదే మోగుతుంది. శ్రవణం నవవిధ భక్తులలో మొదటిదే, కాదనను. కాని దాని వెంటనే వచ్చేది కీర్తనం. మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయి, గుడి ఎక్కామనుకుంటున్నామేమో!

"అవి శాస్త్రప్రమాణం లేని పాటలు, అన్నమయ్య, త్యాగయ్యల కీర్తనలు నేర్పితే చాలదా?" అని కొందరు పెద్దలు అంటారు. కీర్తనలు తప్పక నేర్పవలసిందే. కాని ఆ పాటల ద్వారానే మన అమ్మమ్మలకు సీతారాములు చుట్టాలయ్యారు. రాముడు వారికి ఇంటి అల్లుడు, ఊర్మిళ వారింటి ఆడపడుచు. భగవంతుణ్ణి అంత దగ్గరగా కూర్చోబెట్టుకున్న భక్తిని ప్రమాణం లేదని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమా? "మాకు గొంతు లేదండీ" అని మరికొందరు అంటారు. మా అమ్మకూ సంగీతం రాదు. రేడియోలో అంత చక్కని గొంతులు విన్న మరుక్షణమే, సిగ్గుపడకుండా తన గొంతుతో పాటను పూర్తిచేసింది. ఆమె పాడినది సభ కోసం కాదు, ఇంటి కోసం.

అక్క చెప్పిన మీదట మా పిన్నికి ఫోను చేశాను. అమ్మకు ఆవిడ ఆఖరి చెల్లెలు. ఎనభై దాటాయి. "ఇప్పుడా గొంతు ఎక్కడిదిరా నాయనా నాకు?" అన్నది. "గొంతు వద్దు పిన్నీ, మాటలు చాలు" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తరువాత చదవడం మొదలుపెట్టింది. రెండో చరణానికి వచ్చేసరికి అది చదవడం కాదు, పాట అయిపోయింది. మధ్యలో దగ్గు వచ్చింది, ఒక మాట తడబడింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎత్తుకుని చివరిదాకా పాడింది. అయ్యాక, "మీ అమ్మ చివర రాముడికి దణ్ణం పెట్టించేది, పెట్టావా?" అని అడిగింది. పెట్టాను.

మీకు నా విన్నపం ఇదే. మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో ఉంటే, వారికి వచ్చిన ఒక్క పాట పాడించుకోండి. తొందరపెట్టకండి, మధ్యలో మాట్లాడకండి. ముద్రణలో ఉన్న పాఠంతో పోల్చి తప్పులు దిద్దకండి. ఒక్కొక్క ఊరి పాఠం ఒక్కొక్కలా ఉండడం ఆ పాటల స్వభావం. ఫోనులో పట్టి ఉంచండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో పాడేవారో కూడా అడిగి చెప్పించండి. ఒకటికి రెండు చోట్ల భద్రపరచండి. అయితే అక్కడితో పని పూర్తయిందనుకోవద్దు. నేను కూడా పిన్ని గొంతును దాచుకుని తృప్తిపడి ఉంటే, మరొక క్యాసెట్టు సంపాదించినట్లే అయ్యేది. ఇంట్లో ఒక్కరైనా ఆ పాటను నోటితో నేర్చుకోవాలి. ఆడపిల్లే నేర్చుకోవాలన్న నియమం లేదు. ఆ నియమం పెట్టుకుని నేను ఏం పోగొట్టుకున్నానో చెప్పాను కదా.

నా వంతు మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు సాయంత్రం పిన్ని ఫోనులో పాఠం చెబుతుంది. నాలుగు చరణాలకు మూడు వచ్చాయి. నాలుగో దానిలో నా రాగం దారి తప్పుతున్నది. "మళ్ళీ అను" అంటుంది పిన్ని, చిన్నపిల్లవాణ్ణి కోప్పడినట్లు. వచ్చే శ్రీరామనవమికి పూర్తిగా రావాలని గడువు కూడా పెట్టింది.

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఇంటి పెద్దావిడ కాసేపు తీరికగా కూర్చుంటారు. ముందు రానే రాదంటారు. అయినా అడగండి.