పథ్యం పేరిట పొడుల బేరం
రక్తనాళాల్లోనే నెత్తురు గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బును 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ వివరించారు. ఒంటికి కాపలా కాయవలసిన శక్తే ఎదురు తిరగడం దీనికి మూలం. కాలి వాపు, పక్షవాతం, వరుస గర్భస్రావాలు దీని లక్షణాలు. కోడలి జాతకాన్ని ఆడిపోసుకునే ముందు రక్తపరీక్ష చేయించాలి.

రోగులకు సాధారణంగా వార్ఫరిన్ బిళ్లలు, గర్భిణులకు హెపారిన్ సూదిమందు ఇస్తారు. తోటకూర, మునగాకులలోని కె విటమిన్ వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూరలు మాననక్కరలేదు. వారం వారం ఒకే పాళ్లలో తింటే డాక్టరు అందుకు తగ్గ మోతాదు నిర్ణయిస్తారు. నెలంతా మాని ఒక్కసారి గంపెడు తింటేనే ముప్పు.

రక్తం పలచబడుతుందంటూ అమ్మే పొడులు, వెల్లుల్లి గుళికలు బిళ్లలకు తోడైతే రక్తస్రావం కావచ్చు. బిళ్లలు మాని వాటినే నమ్మితే మళ్లీ గడ్డకట్టవచ్చు. పోపులో వేసే నాలుగు రెబ్బలతో భయం లేదు. మోతాదు తేల్చే ఐ.ఎన్.ఆర్. పరీక్షకు పట్నం బస్సెక్కలేని రోగే పొడి పొట్లానికి చిక్కుతాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ పరీక్ష జరిపించాలి.