ఆన్సర్ వద్దు, ఆగిన చోటు పంపించు

టమోటా మార్కెట్ ఉన్న మదనపల్లెలో ఈ లెక్క ఎవరైనా చెప్పేస్తారనుకున్నా. వంద కిలోల టమోటాలు. అందులో 95 శాతం నీళ్ళు. కాస్త ఎండబెడితే నీళ్ళు 90 శాతానికి వచ్చాయి. ఇప్పుడు బరువెంత? కిందికి స్క్రోల్ చేసే ముందు మీరూ ఓ అంకె అనుకోండి.

ఆదివారం రాత్రి ఆన్‌లైన్ క్లాసులో ఇదే అడిగా. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఇరవై మంది దాకా డిగ్రీ, బీటెక్ పిల్లలు వస్తారు. నిమిషంలో చాట్ నిండిపోయింది. 95, 95, 95... అంతా అదే.

పుంగనూరు అమ్మాయి ఒక్కతే ఏమీ రాయలేదు. ఏమ్మా అంటే, "నీళ్ళు పోతే మొత్తం కూడా తగ్గుతాది కదా సార్. 90 శాతం అంటే దేంట్లో?" అంది.

అసలు పాఠం ఆ ప్రశ్నే. నీళ్ళు కానిది 5 కిలోలు, ఎండినా అది ఎక్కడికీ పోదు. మొదట నూటికి ఐదు, ఇప్పుడు నూటికి పది. పదో వంతు 5 కిలోలైతే మొత్తం 50. సగం బరువు గాల్లోకే!

ఎవరూ నమ్మలేదు. డెస్మాస్ తెరిచి (ఫ్రీనే, ఫోన్లో కూడా పనిచేస్తుంది) 500 బై వంద మైనస్ నీటి శాతం అని గ్రాఫ్ గీయించా. స్లైడర్ జరిపితే 95 నుంచి 94కే దాదాపు 17 కిలోలు మాయం. అదే 80 నుంచి 79కి వస్తే కిలో పైచిలుకే. నేను నోటితో చెప్పుంటే ఇది ఎక్కేది కాదు.

ఇంతకుముందు నా పద్ధతి వేరు. లెక్క మొత్తం చేసేసి, వీడియో గ్రూపులో పడేసేవాణ్ణి. పిల్లలు 1.5 స్పీడులో చూసేవాళ్ళు. కుప్పం కుర్రాడొకడికి అసైన్‌మెంట్లన్నిట్లో ఫుల్ మార్కులు. ఫొటో తీస్తే స్టెప్పులిచ్చే యాప్ పుణ్యం. క్యాంపస్ టెస్టులో ఫోన్ బయట పెట్టమన్నారు. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు సార్" అన్నాడు. తల దించుకుని చెప్పాడు. సగం తప్పు నాది.

జార్జ్ పోల్యా 1945లోనే తన పుస్తకం 'హౌ టు సాల్వ్ ఇట్'లో నాలుగు మెట్లు చెప్పాడు: లెక్క అర్థం చేసుకో, దారి వెతుకు, చెయ్యి, వెనక్కి తిరిగి చూడు. యాప్ బాగా చేసిపెట్టేది మూడోది. నా వీడియోలూ అంతే.

2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ చూడటమే విశేషం. ఇప్పుడు ఎన్‌పీటెల్, స్వయం పాఠాలు అందరి జేబులోనూ ఉన్నాయి. చెప్పేవాళ్ళకి కొదవ లేదు. పిల్లాడు ఎక్కడ ఆగాడో చూసేవాళ్ళే తక్కువ.

అందుకే రూల్ మార్చా. ఆన్సర్ పంపొద్దు. ఆగిన చోట నోట్‌బుక్ ఫొటో, అర నిమిషం వాయిస్ మెసేజ్ చాలు. పల్లెల్లో సిగ్నల్ అంతంతే కాబట్టి వీడియోలు కూడా అక్కర్లేదు. నేను తిరిగి పంపేది ఒక్క ప్రశ్న. మొదట్లో తిట్టుకున్నారు. ఇద్దరు మానేశారు కూడా. ఇరవై మందివి వినేసరికి నాకు రాత్రి పదకొండవుతుంది, అది వేరే సంగతి.

మొన్న కుప్పం కుర్రాడి మెసేజ్ వచ్చింది. వెనక రైలు చప్పుడు. "సార్, రెండో మెట్టు దగ్గరే ఉన్నా. ఏమీ చెప్పొద్దు, రేపు సాయంత్రం దాకా టైమివ్వండి."