ముసురు వెళ్లాక గోడ వంక చూడండి

వానాకాలం ముసురు పట్టిందంటే సిద్దిపేట ఇళ్లలో కిటికీలు మూతపడతాయి, ఆరని బట్టలు గదుల్లోకి చేరతాయి. బీరువా వెనక గోడ నల్లబడుతుంది. పండక్కి రంగేసి ఆ మచ్చను కప్పేస్తాం. కొన్నాళ్లకు మళ్లీ తేలుతుంది.

తేలక ఏం చేస్తుంది? బూజుకు ప్రాణం తడి. స్లాబు పగులో, కారే పైపో, నేలలోంచి ఎక్కే నెమ్మో సరిచేయకుండా వేసిన రంగు దండగ. తడిసిన చోటును ఒకటి రెండు రోజుల్లో ఆరబెడితే చాలావరకు బూజు పట్టదు.

నెమ్మున్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాబు చనిపోయాడు. ఇంట్లోని బూజే కారణమని 2022లో విచారణలో తేలింది. బూజు ఫిర్యాదు వస్తే సామాజిక గృహాల యజమానులు గడువులోగా బాగుచేయాలని ఆ మరుసటి ఏడే అక్కడ చట్టం చేశారు. మన దగ్గర అద్దెకున్నవాళ్లు ఓనరును అడగడానికే జంకుతారు.

చిన్న మచ్చయితే మాస్కు, గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచింగ్ పౌడరులో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. కడిగేటప్పుడు పసిపిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి.

గోడలోకి నీరు ఎక్కడెక్కడ నుంచి దిగుతుందో, మేస్త్రీని ఏమేం అడగాలో లోపలి పేజీల్లో వివరంగా ఇచ్చాం. చదివి, ఈ ఆదివారమే బీరువా జరిపి చూడండి.

– సంపాదకుడు