స్పీడు బ్రేకరు దగ్గర 'టకటక'

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగినా, ఇంకా చాలా ఇళ్లముందు కనిపిస్తుంది. స్పీడు బ్రేకరు దిగగానే ముందు చక్రం దగ్గర 'టకటక' వినిపిస్తే చాలామంది వెంటనే షాకబ్జర్లు మార్పించేస్తారు. తొందరొద్దు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదలండి. కారు ఊగుతూనే ఉన్నా, షాకబ్జరు మీద ఆయిల్ కారినా జతగా మార్చాల్సిందే. లేదంటే ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి. అరిగిన ఆ రబ్బరు ముక్కలే చాలాసార్లు ఇంత గోల చేస్తాయి! వాటి బోల్టులు కారు నేలమీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే కొత్త రబ్బరూ మెలిపడి త్వరగా చిరుగుతుంది. బాల్ జాయింట్ వదులైతే మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. అది ఊడిందంటే చక్రం ఒరిగిపోతుంది, స్టీరింగ్ మాట వినదు.