ఎర్రపుల్లలన్నీ ఒకటి కావు

మూకండపల్లిలో మనబోటివాళ్ళము యింట్లో క్షయ అంటాము, వీధిలో కాసనోయి అంటాము. ఏ భాషలో అన్నా గుండె ఝల్లుమంటుంది. మా తాతలనాడు ఆ మాట వింటే, 1915లో మదనపల్లె దగ్గర వెలసిన ఆరోగ్యవరం శానిటోరియమే అందరికీ గుర్తుకు వచ్చేది.

కొన్నేళ్ళ క్రిందట మా మేనత్తగారి కఫంలో ఆ క్రిములు కనబడ్డాయని ఒక ఆసుపత్రిలో చెప్పారు. వెంటనే మేము చేసిన పని ఆమె గ్లాసు వేరుపెట్టడం. సిగ్గుతోనే చెప్పుకుంటున్నాము. ఆరు నెలలు ఒక్కపూట తప్పకుండా మందులు మింగినా దగ్గు తగ్గలేదు. "అత్తయ్యా, మాత్రలు పారేయడం లేదు గదా?" అని ఆమెనే అనుమానించాము.

తప్పు ఆమెది కాదు. క్షయక్రిమిని 1882లో రాబర్ట్ కాక్ పండితుడు కనిపెట్టాడు. దానికి ఎర్రరంగు పట్టించి, ఆమ్లంతో కడిగి, సూక్ష్మదర్శినిలో చూడడం పాత పద్ధతి. కడిగినా ఆ రంగు పోదు. అయితే మట్టిలోను, నీటిలోను బ్రతికే దాయాది క్రిములు చాలా ఉన్నాయి. అవి ఒక్కొక్కప్పుడు బలహీనమైన ఊపిరితిత్తులలో చేరతాయి. వాటికీ రంగు అలాగే పడుతుంది. గాజుపలక మీద అన్నీ ఎర్రపుల్లలే!

మరి వేరుచేయడం ఎలా? మా ఆఫీసులో ఒకే పేరుగలవాళ్ళు ముగ్గురుంటే తండ్రిపేరు చూచి పోల్చుకుంటాము. క్రిమికి ఆ గుర్తు జన్యువులలో ఉంటుంది. క్షయక్రిమి జన్యులిపిలో సుమారు 44 లక్షల అక్షరాలు. 1998లో వాటిని చదివారు. క్షయకే ప్రత్యేకమైన చిన్న భాగానికి యంత్రంలో లెక్కలేనన్ని నకళ్ళు తీస్తారు. ఆ భాగం ఉంటేనే నకళ్ళు పుడతాయి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించిన యంత్రం రెండు గంటలలోపు ఫలితం చెబుతుంది. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది.

బెంగుళూరులో అత్తయ్యకు ఆ పరీక్ష చేస్తే "క్షయ లేదు" అని వచ్చింది. మరి రెండుమార్లు కఫం తీసి, క్రిములను పెంచి, జన్యువుల పట్టీ మీద చూస్తే దాయాది బయటపడింది. మందులు మారాయి, ఏడాదికి పైగా వాడవలసి వచ్చింది. ఆ జబ్బు సాధారణంగా మనిషినుంచి మనిషికి అంటదట. అసలు క్షయ కూడా గాలిద్వారా అంటుకొనేదే గాని, గ్లాసుద్వారా కాదట!

పశువుల క్షయక్రిమి మరీ దగ్గరి చుట్టం. జన్యులిపి నూటికి 99.95 పాళ్ళు ఒకటే. అయినా పైరజినమైడ్ మందు దానిమీద పనిచేయదు. దాన్ని పోల్చడానికి వేరే జన్యుపరీక్ష కావాలి. పాలు కాచి త్రాగమన్న పెద్దల మాట యిందుకే మంచిది.

కాబట్టి కఫంలో క్రిములు కనబడ్డాయంటే, జన్యుపరీక్ష చేశారా అని డాక్టరుగారిని అడగండి. ఆయన చెప్పనిదే మందు మాత్రం మానవద్దు.

అత్తయ్య గ్లాసు మళ్ళీ అందరి గ్లాసులతో కలిసింది. ఆమె దాన్నిగురించి యింతవరకు ఒక్కమాట అనలేదు. మేమే మరచిపోలేకున్నాము.