బీరువా తాళం ఎప్పుడు తీస్తారు?

మీ బడిలో పుస్తకాల బీరువా ఉందా? ఉంటే, దాని తాళం కిందటిసారి ఎప్పుడు తీశారో గుర్తుందా? చాలా బడుల్లో బీరువా ఉంటుంది, అందులో పుస్తకాలూ ఉంటాయి. "పిల్లలు చింపేస్తారు" అన్న భయంతో తలుపులు మాత్రం మూసి ఉంటాయి. ఆ భయం వట్టిది అనలేం. కాని తాళం దానికి మందు కాదు.

పుస్తకాన్ని ఎలా వాడాలో, గ్రంథాలయంలో ఎలా వెతుక్కోవాలో చిన్నపిల్లలకు నేర్పే బొమ్మల పుస్తకాలు కొన్ని భాషల్లో ఉన్నాయి. బొమ్మలతో నేర్పడం పాత పద్ధతే. 1658లోనే కొమేనియస్ అనే విద్యావేత్త పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చువేయించాడు. మన దేశంలో నేషనల్ బుక్ ట్రస్టు 'నెహ్రూ బాల పుస్తకాలయం' పేరుతో తెలుగులో కూడా బొమ్మల పుస్తకాలు తెచ్చింది. ఇలాంటి పుస్తకాలు మన పల్లె బడులకు చాలా అవసరమని నా అభిప్రాయం. అయితే అవి ఎలా ఉండాలి?

మొదటి మాట: "మడవకు, తడపకు, గీయకు" అని ఆజ్ఞలు మాత్రమే ఇస్తే చాలదు. ఎందుకో చెప్పాలి. కాగితమంటే ఒకదానితో ఒకటి పెనవేసుకున్న సన్నని మొక్కల పీచు. పేజీ మూల మడిచినప్పుడు ఆ పీచు విరుగుతుంది. పదిమంది అక్కడే మడిస్తే ముక్క ఊడి వస్తుంది. తడి తగిలితే బూజు పెరుగుతుంది. పుస్తకం మీద తింటే రాలిన నలుసుల కోసం బొద్దింకలు చేరుతాయి. అట్టకు రాసిన పిండిజిగురు కోసం వెండిరంగులో మెరిసే సన్నని పురుగు వస్తుంది. చౌక కాగితంలో ఉండే లిగ్నిన్ ఎండకు పసుపు రంగుకు మారుతుంది. కారణం తెలిసిన పిల్లవాడికి కాపలా అక్కరలేదు.

రెండో మాట: వెతకడం నేర్పాలి. రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఎంకపల్లి అనే ఊరుంది. ఆ ఊరి మూడో తరగతి పిల్ల చేతికి ఇలాంటి పుస్తకం ఇచ్చారనుకోండి. అందులో మహానగరపు పెద్ద హాలు, కంప్యూటర్ల వరసలు ఉంటే "ఇది మన సంగతి కాదు" అని పక్కన పెడుతుంది. అదే ఉత్తరాలు పంచే మనిషి బొమ్మ వేసి చూపండి. ఆయన ముందు ఊరు, తరువాత వీధి, ఆపైన ఇంటి నంబరు చూస్తాడు. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ పుస్తకాలకు ఇచ్చిన అంకెలూ ఇంతే. 500 విజ్ఞానశాస్త్రం: అది ఊరు. 590 జంతువులు: అది వీధి. 598 పక్షులు: అది ఇల్లు. ఈ బొమ్మ చూసిన పిల్ల ఏ గ్రంథాలయంలోనూ తప్పిపోదు.

మూడో మాట అన్నిటికంటె ముఖ్యం. పుస్తకాన్ని జాగ్రత్తగా చూసేది బీరువాలో అందంగా ఉంచడానికి కాదు, మన తరువాత చదివేవారి కోసం. మధ్యయుగంలో ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో కట్టి ఉంచిన గ్రంథాలయాలు ఉండేవి. మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలు ఉన్నది ఉపయోగించడానికే అని. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. కాగితానికి నీళ్ళకంటె పెద్ద శత్రువు ఏముంది? అయినా పుస్తకాలు నీళ్ళ మీద బయలుదేరాయి. భద్రంగా మూలన ఉండడంకంటె చదివేవారి చేతికి అందడమే ముఖ్యమని ఆయన నమ్మారు.

మరి మన ఊరి బొమ్మలతో ఈ పుస్తకం ఎవరు తయారుచేస్తారు? మీరే! ఎనిమిది తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్ళు, సూది, దారం చాలు. మీ బడి బీరువాను, మీ వీధిని, మీ ఊరి చెట్టును బొమ్మల్లో పెట్టండి. ప్రతి "వద్దు" పక్కన ఒక "ఎందుకంటే" రాయండి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పటికి పూర్తిచేసి చిన్న తరగతుల వారికి చదివి వినిపించండి. తరువాత మీ ఉపాధ్యాయుల దగ్గరకు వెళ్ళి, ఒక నెలపాటు బీరువా బాధ్యత మాకివ్వండని అడగండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో, ఏ రోజున తిరిగి ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాయండి. నెల గడిచాక ఆ లెక్క చూపండి. "పిల్లలు చింపేస్తారు" అన్న మాటకు అంతకంటె మంచి జవాబు మరొకటి లేదు.