హంతకుడు దొరికాడు సరే, దరఖాస్తు ఎక్కడ?

మన సినిమా పోలీసుకు తప్పకుండా ఒక గతం ఉంటుంది. 2020లో వచ్చిన 'హిట్' హీరో విక్రమ్ రుద్రరాజునే చూడండి. పాత గాయం వెంటాడుతుంటే హంతకుడి వెంట పరుగెత్తుతాడు. మనం చప్పట్లు కొడతాం. ఆ గాయంతో నాకు పేచీ లేదు. నా ప్రశ్న వేరు: పోలీసుకే గతం ఉంటుందా, పోలీసు స్టేషనుకు ఉండదా? ప్రాణభయంతో ఓ జంట ఇచ్చిపోయిన దరఖాస్తు ఆ స్టేషను గతం కాదా?

వికారాబాద్ జిల్లా మర్పల్లికి చెందిన దళిత యువకుడు నాగరాజు ముస్లిం అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. నాలుగు నెలలు కూడా నిండలేదు. 2022 మే 4 రాత్రి సరూర్‌నగర్ నడిరోడ్డు మీద, భార్య కళ్లముందే చంపేశారు. ఆమె అన్ననూ, ఒక బంధువునూ పోలీసులు వెంటనే అరెస్టు చేశారు. కానీ ఆ జంట అంతకుముందే రక్షణ కోసం వికారాబాద్ పోలీసుల దగ్గరికి పోయిందని అప్పటి పత్రికలే రాశాయి. చంపినవాణ్ణి పట్టుకున్న చురుకు, చావును ఆపడంలో ఏమైంది?

నాగరాజు శవం మీద మతం జెండా పాతడానికి వచ్చినవాళ్లకు ఒక మాట. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికినప్పుడు ప్రధాన నిందితుడు అమ్మాయి తండ్రి, హిందువే. అప్పుడు మీ గొంతు ఎక్కడ పోయింది? నిందితులు ముస్లింలు కాబట్టి ఈ హత్యలో కులం ఊసెత్తొద్దనే మిత్రులకూ అదే మాట. దళిత అల్లుణ్ణి భరించలేని ఇంటికి ఏ మతమైతేనేం?

ప్రణయ్ కేసులో తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. మంచిదే. కానీ ఆరున్నరేళ్ల తర్వాత వచ్చిన ఏ తీర్పూ మనిషిని తిరిగి తేదు.

ఆపే దారి లేదా అంటే ఉంది. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలి. బెదిరింపుల మీద విచారణ జరిపి వారంలో ఎస్పీకి నివేదిక ఇవ్వాలి. అవసరమైతే కేసు పెట్టాలి, జంటకు సురక్షిత నివాసం చూపాలి. ముందే తెలిసీ ఆపని అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలి.

"ఇంటికో కానిస్టేబుల్‌ను పెట్టగలమా?" అని అడుగుతారు. కోర్టు అడిగింది అది కాదు. బెదిరింపుల మీద విచారణ జరిపి, బెదిరించేవాళ్ల మీద కేసు పెట్టమంది. మన స్టేషన్లలో జరిగేది కౌన్సెలింగ్. రెండు వైపులా పెద్దల్ని కూర్చోబెట్టి, కాగితం మీద సంతకాలు పెట్టించి పంపేస్తారు. చంపుతానన్నవాడికీ, చస్తానేమోనని వణికేవాడికీ నడుమ రాజీ ఏమిటి?

2016లో వికారాబాద్ జిల్లా అయింది. ఎస్పీ ఆఫీసు దగ్గరికొచ్చింది. మరి తాండూరు బండల గనిలో రాళ్లు మోసే కూలీ కొడుకు రేపు కులం దాటి పెళ్లి చేసుకుంటే, ఆ ఆఫీసులో ఏ తలుపు తట్టాలి?

విద్యార్థులారా, చప్పట్లు ఆపి ఆర్టీఐ దరఖాస్తు రాయండి. మీ జిల్లాలో ఆ సెల్ ఉందా? 2018 నుంచి రక్షణ కోరిన జంటలెన్ని? ఎన్నిటి మీద వారంలో నివేదిక వచ్చింది? ఏ అధికారి మీదైనా చర్య తీసుకున్నారా? జవాబుల్ని గ్రామగ్రామాన చదివి వినిపిద్దాం.

పోలీసు తన గతాన్ని ఎదుర్కోవడమంటే అద్దం ముందు కన్నీళ్లు పెట్టుకోవడం కాదు. బీరువా తెరవడం.

జై భీమ్.